క్వార్టర్ తాళంచెవి తిరిగి ఇచ్చేశాక: ముద్ఖేడ్ వాళ్ళం నాందేడ్‌లో ఇల్లెందుకు కొంటున్నాం



ఈ ఏడు ఉగాదికి అందరం కలిసినప్పుడు ఒక అబ్బాయి మమ్మల్ని పక్కకు పిలిచాడు. అసిస్టెంట్ లోకో పైలట్, పెళ్ళయి రెండేళ్ళయింది. "బాబాయ్‌గారూ, ఇల్లు కొందామనుకుంటున్నాం. ముద్ఖేడ్‌లోనే ఉండమంటారా, నాందేడ్‌లో తీసుకోమంటారా, మా మామగారు అంటున్నట్టు హైదరాబాద్‌లో ఓ ఫ్లాట్ చూసుకోమంటారా?" అని అడిగాడు. పచ్చడి గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడి చెప్పే జవాబు కాదది. "రాసి పెడతాంలే నాయనా" అన్నాం. రాయడం మొదలుపెడితే నూట పాతికేళ్ళ కథ అయింది. ఓపిగ్గా చదవండి.

ముందే ఒక మాట. ఎక్కడ చదరపు అడుగు ఎంత పలుకుతోందో మేము చెప్పబోవడం లేదు. ఆ సంగతి ఏజెంట్లు మనకన్నా బాగా చెబుతారు. మనవాళ్ళకి సొంత ఇల్లనే ఆశ ఎలా పుట్టింది, పట్నంలో ఫలానా పేటలోనే కావాలని ఎందుకు అనిపిస్తుంది, ఆ ఆశలో పడి ఎక్కడ మోసపోతాం, ఇవీ చెప్పదలచుకున్నవి.

క్వార్టర్ కాలం

ముద్ఖేడ్ పాత ఊరే. కానీ మనవాళ్ళకి ముద్ఖేడ్ అంటే స్టేషనే. హైదరాబాద్ నుంచి గోదావరి లోయ మీదుగా మన్మాడ్ దాకా 391 మైళ్ళ మీటర్‌గేజ్ లైను వేశారు. 1901 నాటికి బండ్లు తిరిగాయి. అప్పట్లో అది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే కంపెనీ చేతిలో ఉండేది. 1930లో నిజాం సర్కారు కంపెనీ దగ్గర కొనేసింది. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టాక మనం అందులోకి వచ్చాం. భోకర్, హిమాయత్‌నగర్, కిన్వట్ మీదుగా ఆదిలాబాద్ వెళ్ళే కొమ్మలైను ఇక్కడే విడిపోతుంది కాబట్టి ముద్ఖేడ్ జంక్షన్ అయింది.

జంక్షన్ అంటే బండి ఆగాలి. ఆవిరి ఇంజన్ల కాలంలో నీళ్ళు పట్టాలి, యార్డులో పెట్టెలు విప్పి తగిలించాలి. అందుకు మనుషులు కావాలి. డ్రైవర్లు, ఫైర్‌మెన్, పాయింట్స్‌మెన్, గ్యాంగ్‌మెన్, టికెట్ బాబులు, మాలాంటి గుమాస్తాలు. నిజామాబాద్ నుంచి, సికింద్రాబాద్ నుంచి, కాజీపేట నుంచి, మాలాగా ఇంకా కిందనుంచి, ఎక్కడెక్కడి తెలుగువాళ్ళూ ఆర్డరు కాగితం పట్టుకుని ఇక్కడ దిగారు. ఇల్లు కొనడానికి వచ్చినవాడు ఒక్కడూ లేడు.

కొనాల్సిన అవసరమూ రాలేదు. క్వార్టర్ ఇచ్చారు. రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న పెరడు, ముందు వేపచెట్టు. అద్దె జీతంలోనే కోసేవాళ్ళు, అది కోసినట్టు కూడా తెలిసేది కాదు. గోడకి సున్నం డిపార్ట్‌మెంట్ వేసేది. కొళాయి చెడితే ఖలాసీ వచ్చేవాడు. సామాను నాలుగు ట్రంకు పెట్టెల్లో పట్టేది, ఎందుకంటే బదిలీ ఆర్డరు ఎప్పుడు వస్తుందో తెలియదు. పక్కింట్లో మరాఠీవాళ్ళు, ఎదురింట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు, వెనకింట్లో తెలుగువాళ్ళు. పిల్లలు మూడు భాషల్లో తిట్టుకునేవాళ్ళు. మా ఇంటావిడ ఇప్పటికీ అంటుంది, "ఆ వరసలో ఉన్నంత సుఖం ఇప్పుడు సొంతింట్లో లేదు" అని. నిజమే.

కానీ క్వార్టర్‌లో ఒక మెలిక ఉంది. ఇల్లు నౌకరీది, మనిషిది కాదు. రిటైరైతే నాలుగు నెలలు మామూలు అద్దెకు ఉండనిస్తారు, ఆపైన గడువు అడిగితే అద్దె పెరుగుతుంది. ఉద్యోగి పోతే కుటుంబానికి రెండేళ్ళు గడువు. నిబంధన దయగలదే. అయినా రెండేళ్ళు ఎంతలో అయిపోతాయి?

మన వరసలోనే జరిగిన సంగతి. గ్యాంగ్‌లో పనిచేసిన ఒకాయన డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయారు. ముప్పై ఏళ్ళ కాపురం నాలుగు క్వార్టర్లలో గడిచింది. ఎక్కడా గజం నేల లేదు. పల్లెలో వాటా ఎప్పుడో తమ్ముళ్ళు రాయించుకున్నారు. గడువు అయిపోయే నెలలో మన సంఘం ఆడవాళ్ళు వెళితే ఆ వదిన వాకిలి ఊడుస్తోందట. చీపురు పక్కన పెట్టి, "ఇన్నేళ్ళు ఊడ్చాను, ఇది ఎవరి వాకిలమ్మా?" అని అడిగిందట. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. చివరికి నాందేడ్‌లో ఉన్న పాత క్వార్టర్ల పక్కింటివాళ్ళే తమ వీధిలో రెండు గదులు చూసిపెట్టారు. ఆమె ఇప్పుడు అక్కడే ఉంది.

ఈ కథలో రెండు సంగతులున్నాయి. సొంత ఇల్లు లేకపోతే ఏమవుతుందో ఒకటి. ఇల్లు దొరికింది డబ్బుతో కాదు, పాత పక్కింటివాళ్ళతో అన్నది రెండోది. పేట అనే మాటకి అర్థం ఆ రెండోదాంట్లో ఉంది.

మనం కదల్లేదు, సరిహద్దు కదిలింది

మన విషయంలో "సొంత ఊరు" అన్న ప్రశ్నే చిక్కుది. 1956 నవంబర్ 1 దాకా నాందేడ్, ఆదిలాబాద్, నిజామాబాద్ అన్నీ హైదరాబాద్ రాష్ట్రమే. ఆ రోజున గీత గీశారు. నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్ళింది. 1960 మే 1న మహారాష్ట్ర అయింది. కానీ గీత సూటిగా పోలేదు. నాందేడ్ జిల్లాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్ళు, దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు తెలుగు వైపు ఉండిపోయాయి. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజూరా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ మరాఠీ వైపు వచ్చాయి. ఒకే ఇంట్లో అన్న ఒక రాష్ట్రం, మేనత్త ఇంకో రాష్ట్రం.

బండిలో కూర్చుంటే ఇది కళ్ళకి కడుతుంది. ముద్ఖేడ్, ఉమ్రి, కర్ఖేలి, ధర్మాబాద్ దాటగానే బాసర. సరస్వతమ్మ గుడికి వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరతాం. అమ్మవారి దగ్గర తెలుగు, స్టేషన్ దిగితే మరాఠీ. ఈ రెంటి మధ్య బతికేవాడికి "సొంత రాష్ట్రంలో ఇల్లు కట్టుకో" అని సలహా ఇవ్వడం తేలిక. ఏది సొంతం? ఇక్కడే పుట్టి, ఇక్కడే మరాఠీ బడిలో చదువుకున్న మన పిల్లలకి హైదరాబాద్ చుట్టాల ఊరు, అంతే. సెప్టెంబర్ 17 మరాఠ్వాడాకీ పండగే, తెలంగాణకీ తేదీ అదే. మనది రెండు వైపులా వేళ్ళున్న చెట్టు.

అందుకే మన తెలుగువాళ్ళకి ఇల్లు కొనడం పెట్టుబడి మాత్రమే కాదు. "మేము ఇక్కడివాళ్ళం" అని కాగితం మీద రాయించుకోవడం.

నాందేడ్ ఎందుకు లాగుతుంది

నాందేడ్ పట్నం గోదావరి ఒడ్డున పుట్టింది. 1708లో గురు గోవింద్ సింగ్ ఇక్కడే దేహం చాలించారు. ఆయన స్థానంలో మహారాజా రంజిత్ సింగ్ 1830లలో కట్టించిన హజూర్ సాహెబ్ గురుద్వారా చుట్టూ పాత పట్నం అల్లుకుంది. తర్వాత ఉస్మాన్‌షాహీ మిల్లు వచ్చింది. మిల్లు కూత విని లేచే పేటలు ఏర్పడ్డాయి. వజీరాబాద్ వైపు బజారు, కచేరీలు. తర్వాత శివాజీనగర్ లాంటి కొత్త పేటలు.

పట్నం నదికి ఉత్తరపు ఒడ్డు నుంచి దక్షిణానికి దాటడంలో సిడ్కోది పెద్ద చెయ్యి. మహారాష్ట్ర సర్కారు 1970లో పెట్టిన ఈ సంస్థని నవీ ముంబయి కట్టినదిగా అందరూ ఎరుగుదురు. కొత్త ఔరంగాబాద్, కొత్త నాసిక్‌తో పాటు కొత్త నాందేడ్ కూడా దాని పనే. నదికి ఆవల ప్లాట్లు గీసి, రోడ్లు వదిలి, చిన్న ఉద్యోగి కొనగల ఇళ్ళు కట్టింది. ఇప్పటికీ ఆ ప్రాంతాన్ని సిడ్కో, హడ్కో అనే పిలుస్తాం. ఇల్లు కట్టకముందే వీధి ఉండటం మనలాంటివాళ్ళు అక్కడే మొదటిసారి చూశారు. అంతకుముందు ఇల్లు కట్టాక వీధి కోసం పోట్లాడుకునేవాళ్ళం.

తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి. విష్ణుపురిలో ఇంజినీరింగ్ కాలేజీ, 1994లో స్వామి రామానంద తీర్థ విశ్వవిద్యాలయం. 1997లో నాందేడ్-వాఘాలా మహానగరపాలిక అయింది. 2003 ఏప్రిల్ 1న నాందేడ్ రైల్వే డివిజన్ అయింది. రైల్వేవాళ్ళకి ఈ చివరిదే పెద్ద మలుపు. అంతకుముందు జీతం లెక్కలో తేడా వచ్చినా, పాస్ ఆగినా, హైదరాబాద్ డివిజన్ ఆఫీసుకి రాత్రి బండి ఎక్కాలి. ఇప్పుడు పొద్దున పాసింజర్ ఎక్కితే గంటలోపు డివిజన్ ఆఫీసు మెట్లెక్కుతాం. 2008లో గురుతా గద్దీ మూడు వందల ఏళ్ళ ఉత్సవం వచ్చింది. దాని కోసం పట్నంలో రోడ్లు వెడల్పు చేశారు, వంతెనలు కట్టారు. అప్పటినుంచి ముద్ఖేడ్ రిటైర్‌మెంట్ డబ్బు నాందేడ్ వైపు నడవడం మొదలుపెట్టింది.

2011 జనాభా లెక్కల్లో నాందేడ్ ఐదున్నర లక్షల పట్నం. అందులో మన ఆశలన్నీ నాలుగే: పిల్లల కాలేజీ, ముసలితనంలో ఆసుపత్రి, ఆడవాళ్ళు ఒంటరిగా నడిచి వెళ్ళగల బజారు, తెలుగులో పలకరించే నాలుగిళ్ళు. నాలుగూ నడిచి చేరేంత దూరంలో ఉన్న చోటుని మనం మంచి పేట అంటాం.

వేరే ఊళ్ళు ఎలా చేశాయి

ఇది మన ఒక్కరి కథ కాదు. ఇంచుమించు ఒకే కాలంలో మూడు పట్నాలు మూడు దారులు పట్టాయి.

హైదరాబాద్‌లో 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి, రోడ్లు తెరిచి, పేదలకి తక్కువ అద్దె ఇళ్ళు కట్టించారు. ఇళ్ళ కన్నా ముందు మురుగుకాలువ గీయాలన్న తెలివి ఆ వరద నేర్పింది.

బొంబాయిలో దారి వేరు. సారస్వతులు కొందరు కలిసి 1915లో గామ్‌దేవిలో సహకార గృహ సంఘం పెట్టుకున్నారు. ఒక్కొక్కరికీ కొనే శక్తి లేదు, అందరూ కలిస్తే ఉంది. మన దేశంలో హౌసింగ్ సొసైటీ అనే మాటకి అక్కడే పునాది అంటారు.

మద్రాసు కథ మాకు దగ్గరిది. మేము తమిళ బడిలో చదువుకున్నవాళ్ళం, టీ నగర్ అంటే చిన్నప్పుడు మాకు ఇంద్రభవనాల వీధి. నిజానికి 1920ల దాకా అది మాంబళం చెరువు. నీళ్ళు తోడి, నేల ఎండబెట్టి, మధ్యలో పార్కు పెట్టి, దాని చుట్టూ వీధులు గీశారు. ఆ పేటకి జస్టిస్ పార్టీ నాయకుడు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు. ఆయన తెలుగు దేవాంగుల బిడ్డ. పార్కుకి అప్పటి ప్రధానమంత్రి పానగల్ రాజా పేరు, ఆయనా తెలుగువారే. పక్కనే మాంబళం స్టేషన్. 1931లో బీచ్ నుంచి తాంబరం దాకా కరెంటు బండ్లు నడిచాక ఆ పేట గిరాకీ ఎవరూ ఆపలేకపోయారు. బండి ఉన్నచోట పేట పెరుగుతుంది. ముద్ఖేడ్ నుంచి రోజూ నాందేడ్ వెళ్ళి వచ్చేవాళ్ళకి ఈ సూత్రం వేరే చెప్పక్కర్లేదు. చెరువులో కట్టిన పేటలో వాన వస్తే ఏమవుతుందో కూడా మద్రాసువాళ్ళనే అడగాలి.

నాలుగో ఉదాహరణ మన మహారాష్ట్రలోనే, మన తెలుగువాళ్ళదే. సోలాపూర్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్ళలో ఎక్కువమంది తెలుగు పద్మశాలీలు. ఇరుకు అద్దె గదుల్లో బతికినవాళ్ళు. నర్సయ్య ఆడం గారి నాయకత్వంలో ఏళ్ళ తరబడి పోరాడి, కామ్రేడ్ గోదూతాయి పరుళేకర్ పేరిట సహకార సంఘం పెట్టుకుని, పట్నం బయట కుంభారీలో పది వేల ఇళ్ళు కట్టించుకున్నారు. కొంత కేంద్రం, కొంత రాష్ట్రం, కొంత కార్మికురాలు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలిచ్చారు. తర్వాత అదే పద్ధతిలో రేనగర్ అని ముప్పై వేల ఇళ్ళ పథకం వేశారు. 2024 జనవరిలో తొలి పదిహేను వేల ఇళ్ళు ప్రధాని మోదీ చేతుల మీదుగా ఇచ్చారు. గదిలో పడుకోవడానికి వంతులు వేసుకున్న ఇంటి ఆడకూతురు ఇంటి యజమాని అయింది. ఇంతకన్నా పెద్ద మాట మన చరిత్రలో తక్కువ. కాకపోతే ఇల్లు పట్నం నుంచి దూరం జరిగితే బస్సు, బడి, దవాఖానా వెంట రావాలి. అవి ఇంటి కన్నా నెమ్మదిగా వస్తాయి.

అప్పు చరిత్ర కూడా తెలుసుకోవాలి

మా నాన్నగారి తరంలో ఇంటికి అప్పు అంటే సావుకారు, లేదా ఆవిడ మెడలో గొలుసు. బ్యాంకు ఇంటికి అప్పిస్తుందని ఎవరూ అనుకోలేదు. 1970లో హడ్కో వచ్చింది. 1977లో హెచ్.టి. పారేఖ్ గారు హెచ్‌డీఎఫ్‌సీ పెట్టాక నెలజీతం మనిషికి ఇంటి అప్పు అనే మాట పుట్టింది. 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంక్ వచ్చింది. ఆ తర్వాత బ్యాంకులే మన ఇంటికి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాయి.

మా గుమాస్తా బుద్ధి ఊరుకోదు కాబట్టి ఒక లెక్క. 20 లక్షలు అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళు. నెలకి సుమారు 17,356 రూపాయలు. మొత్తం కట్టేది దాదాపు 41 లక్షల 65 వేలు. అదే 15 ఏళ్ళకి పెట్టుకుంటే నెలకి సుమారు 19,695. మొత్తం 35 లక్షల 45 వేలు. నెలకి 2,300 ఎక్కువ కడితే ఆరు లక్షల పైన మిగులుతుంది.

కేంద్ర ఉద్యోగులకి హౌస్ బిల్డింగ్ అడ్వాన్స్ ఉంది. 2017 నిబంధనల్లో గరిష్ఠం 25 లక్షలు లేదా 34 నెలల మూలవేతనం, ఏది తక్కువైతే అది. అప్పటి వడ్డీ 8.5 శాతం, ఆ తర్వాత మారుతూ వచ్చింది. ఇది సాధారణ వడ్డీ. ముందు అసలు 180 నెలల్లో కోస్తారు, ఆపైన వడ్డీ 60 నెలల్లో. అదే 20 లక్షలకి ఈ పద్ధతిలో వడ్డీ 12 లక్షల 80 వేల దగ్గర ఆగుతుంది. బ్యాంకు లెక్క పక్కన పెట్టుకుని చూడండి. నౌకరీలో ఉన్న తమ్ముళ్ళు ఎంతమంది దీన్ని అడిగారు? మాకు తెలిసి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

నేల చరిత్ర కాగితంలో ఉంటుంది

ఇప్పుడు మా సొంత గాయం చెప్పాలి.

1990ల మొదట్లో మేము పీఎఫ్ నుంచి డబ్బు తీసి 1,200 చదరపు అడుగుల ప్లాటు కొన్నాం. అంటే గుంట మీద కాస్త ఎక్కువ. ఎకరానికి నలభై గుంటలు, గుంటకి 121 గజాలు, 1,089 చదరపు అడుగులు. తెలంగాణలో గుంట అన్నా ఇక్కడ గుంఠా అన్నా ఒకటే నేల. పత్రం వంద రూపాయల బాండు మీద, నోటరీ ముద్రతో. అమ్మినాయన మంచి మాటకారి. "అందరూ ఇలాగే కొంటారు మాస్టారూ, రిజిస్ట్రీ తర్వాత అయిపోతుంది" అన్నాడు. అందరూ అలాగే కొంటున్నారన్నది నిజమే. అదే మమ్మల్ని ముంచింది.

నాలుగేళ్ళ తర్వాత కంచె వేయడానికి వెళితే అక్కడ వేరొకరి పునాది ఉంది. వాళ్ళ దగ్గరా బాండే ఉంది. మాకన్నా ముందు తేదీది. అప్పుడు తలాటి దగ్గరికి వెళ్ళి సాత్‌బారా ఉతారా తీయిస్తే అది ఇంకా సాగుభూమే. పైగా రెండో వర్గం భూమి, కలెక్టర్ అనుమతి లేకుండా చేతులు మారకూడనిది. ఆ కాగితం తీయడానికి పది రూపాయలు కూడా అవలేదు. కొనకముందు తీయలేదు. ఇంట్లో రెండు వారాలు ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. మా అమ్మాయిని పుణెలో చదివించాలనుకున్న డబ్బది. ఆ అమ్మాయి ఇక్కడే చదువుకుంది, ఒక్క మాట అనలేదు. అననందుకే మాకు ఇప్పటికీ నొప్పి.

మరాఠ్వాడా నేలకి నిజాం కాలపు జ్ఞాపకం ఎక్కువ. గుడులకీ, దర్గాలకీ సేవ చేసేవాళ్ళకి ఇచ్చిన ఖిద్మత్‌మాష్ భూములు, ఇనాములు, వక్ఫ్ భూములు. ఇవి పైకి మామూలు ప్లాట్లలాగే కనిపిస్తాయి. కాగితం ఒక్కటే నిజం చెబుతుంది. కాబట్టి, అబ్బాయీ, ఇవి గుర్తుపెట్టుకో.

సాత్‌బారా కొత్తది మాత్రమే చూడకు. 1954-55 నాటి ఖాస్రా పత్రం దాకా వెనక్కి వెళ్ళు. ఆ పక్క తెలంగాణలో ఖాస్రా పహాణీ అంటారు, రెండూ ఒకే సర్కారు రాయించినవి. మధ్యలో ప్రతి చేతిమార్పుకీ ఫేర్‌ఫార్ ఉండాలి. ఒక మెట్టు లేకపోతే అక్కడ ఎవరో వారసుడు కూర్చుని ఉన్నాడని అర్థం.

భోగవట్‌దార్ వర్గం ఒకటా రెండా చూడు. రెండైతే అనుమతి కాగితం చూపించమను.

ఎన్.ఏ. ఆర్డరు, మంజూరైన లేఅవుట్ అడుగు. గుంఠేవారీ ప్లాటైతే 2001 చట్టం కింద క్రమబద్ధం చేసిన పత్రం ఉందో లేదో చూడు. 2021లో ఆ చట్టం గడువు 2020 డిసెంబర్ 31 దాకా పెంచారు. పెంచారు కదా అని అన్నీ వాటంతటవే సక్రమం కావు, దరఖాస్తు పెట్టి రుసుము కట్టినవే అవుతాయి.

బాండు, నోటరీ, జనరల్ పవర్, ఇవేవీ అమ్మకం కావు. జనరల్ పవర్ మీద యాజమాన్యం మారదని సుప్రీం కోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. రిజిస్ట్రీ అయినదే ఇల్లు.

ఫ్లాటైతే మహారేరా నంబరు చూడు. 2017 మే నుంచి ఈ చట్టం పూర్తిగా అమల్లో ఉంది. కొనేవాళ్ళ దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో పెట్టి ఆ కట్టడానికే వాడాలి. 500 చదరపు మీటర్ల లోపు నేల లేదా ఎనిమిది ఫ్లాట్ల లోపు కట్టడానికి ఈ నమోదు అక్కర్లేదు. నాందేడ్‌లో చిన్న కట్టడాలు చాలావరకు ఈ సందులోంచే పోతాయి. అక్కడ చట్టం కాదు, నీ కళ్ళే కాపలా.

ఆడవాళ్ళ పేరున కొను. 2021 ఏప్రిల్ నుంచి మహారాష్ట్రలో ఆడవాళ్ళ పేరున ఇల్లు కొంటే స్టాంపు సుంకంలో ఒక శాతం రాయితీ ఉంది. రాయితీ సంగతి అలా ఉంచి, వాకిలి ఎవరిదని అడిగిన ఆ వదినని గుర్తుచేసుకో.

మరి జవాబు?

ఆ దెబ్బ తర్వాత మేము చాలాకాలం ఇల్లు మాట ఎత్తలేదు. రిటైర్‌మెంట్‌కి మూడేళ్ళ ముందు నాందేడ్‌లో ఒక పాత కట్టడంలో పై అంతస్తు రెండు గదులు కొన్నాం. లిఫ్టు లేదు. మోకాళ్ళు తిడుతున్నాయి. కానీ కాగితం శుభ్రం, స్టేషన్‌కి ఆటో అక్కర్లేదు, కింది ఇంటివాళ్ళు ధర్మాబాద్ తెలుగువాళ్ళు. మా ఇంటావిడకి జ్వరమొస్తే చారు కింద నుంచే వస్తుంది.

ముద్ఖేడ్‌లోనే ఉండిపోయిన మిత్రులు తప్పు చేశారని మేము అనం. పొద్దున్నే గులాబీ బుట్టలు స్టేషన్‌కి వచ్చే ఊరది. ఆ పూల వాసన నాందేడ్ మేడల మధ్య దొరకదు. ఉన్న డబ్బుకి అక్కడ పెరడుతో ఇల్లు వస్తుంది. ఒంట్లో శక్తి ఉండి, పిల్లల చదువులు అయిపోయినవాళ్ళకి అంతకన్నా హాయి లేదు. హైదరాబాద్ వెళ్ళినవాళ్ళదీ తప్పు కాదు, పిల్లల ఉద్యోగాలు అక్కడుంటే పోవాల్సిందే. కానీ పిల్లలు అక్కడ లేకుండా, "మనవాళ్ళ ఊరు" అని మాత్రమే వెళ్ళినవాళ్ళు కొందరు మూడేళ్ళకే అమ్ముకుని తిరిగొచ్చారు. పదో అంతస్తులో తలుపు తెరిస్తే పలకరించే మనిషి లేడని చెప్పారు. అక్కడ అందరూ తెలుగువాళ్ళే, పక్కింటివాళ్ళు మాత్రం లేరు.

కాబట్టి నాయనా, మా జవాబు ఇది. ఊరు పేరు చూసి కొనకు. నీ భార్య రాత్రి డ్యూటీ రోజున ఒంటరిగా ఉంటే ఎవరి తలుపు తడుతుందో ఆ తలుపు దగ్గర్లో కొను. కట్టగల వాయిదాకే అప్పు చెయ్యి. రిటైర్‌మెంట్ కన్నా ముందు అప్పు తీరేట్టు చూసుకో. వానాకాలంలో, రాత్రి పూట, ఒక్కసారి ఆ వీధి నడిచి చూడు. గోదావరి పొంగినప్పుడు నీళ్ళు ఎంతదాకా వచ్చాయో పాలవాడిని అడుగు, ఏజెంటుని కాదు. ఇవన్నీ చూస్తే నీకు నాందేడ్ సరిపోతుందని మాకు అనిపిస్తోంది. డ్యూటీ ముద్ఖేడ్, ఇల్లు నాందేడ్, మధ్యలో మన పాసింజర్.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన సామెత. తమిళంలోనూ ఇదే సామెత, ఇదే వరసలో ఉంది. రెండు భాషల పెద్దలూ ఇంటినే ముందు పెట్టారంటే ఎన్ని దెబ్బలు తిని ఉంటారో!

సంఘానికి ఒక మనవి. ఇల్లు గానీ ప్లాటు గానీ కొనే ప్రతి సభ్యుడూ బయానా ఇవ్వకముందు కాగితాల నకళ్ళు తీసుకుని నెలలో మొదటి ఆదివారం మన కూటానికి రండి. మనలో కచేరీల్లో పనిచేసి రిటైరైనవాళ్ళున్నారు, మోడీ లిపి పాత కాగితాలు చదవగలవాళ్ళున్నారు, ఉర్దూ దస్తావేజు చదవగల పెద్దలున్నారు. నలుగురు చదివితే నకిలీ నిలవదు. మేము మా సాత్‌బారా చూపించుకోవడానికి ఆ రోజు ఎవరూ లేరు. ఇవాళ ఉన్నాం.

ఆ వదిన మొన్న కనిపించింది. అద్దె గదుల పక్కనే ఒక చిన్న గది అమ్మకానికి ఉందట, ఫ్యామిలీ పెన్షన్ డబ్బు కూడబెట్టిందట. కాగితాలు కొంగులో చుట్టుకుని తెచ్చింది. "అన్నా, మీరు ఒకసారి చూడండి" అంది. చూశాం. రెండు ఫేర్‌ఫార్‌లు తక్కువున్నాయి. తెచ్చాక కొనమన్నాం. "ఇన్నేళ్ళు ఆగాను, ఇంకో నెల ఆగలేనా" అని నవ్వింది.

తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి. మీ ఇళ్ళ కథలు మీరూ రాయండి.

ఉంటాం.